వీరుల గుళ్లు, నిద్ర మొక్కులు

గుడిలో ‘నిద్ర చేయడం’ అంటే అలసిపోయి ఓ మూల కునుకు తీయడం కాదు. జబ్బు తగ్గాలనో, బిడ్డ కలగాలనో, పట్టిన గాలి వదలాలనో మొక్కుకుని, ఇల్లు విడిచి వచ్చి, ఒక రాత్రో మూడు రాత్రులో ఆ సన్నిధిలో నేల మీద పడుకోవడం. మామూలు నిద్ర ‘పోతాం’. ఈ నిద్ర మాత్రం ‘చేస్తాం’, వ్రతం చేసినట్టు. ఇంట్లో మనిషి పోయినప్పుడు మిగిలినవాళ్లను దగ్గరి చుట్టాలు తమ ఇంటికి తీసుకెళ్లి ‘నిద్ర చేయించడం’లోనూ ఈ మాటకు ఆ బరువే ఉంది.

ప్రాచీన గ్రీసులో ఈ ఆచారానికి రాతి మీద చెక్కిన నియమాలు, రుసుము, ఆడవాళ్లకూ మగవాళ్లకూ వేరువేరు పడక చోట్లు ఉండేవి. వాటి గురించి వివరంగా తెలిసిన క్షేత్రాల్లో ఒకటి ఓరోపోస్‌లోని ఆంఫియారస్ గుడి. ఆంఫియారస్ పుట్టుకతో దేవుడు కాడు, యుద్ధంలో ఓడి పారిపోతున్న వీరుడు. అతని దగ్గరికి జనం మూడు పనుల మీద వెళ్లేవారు: వీరుడికి మొక్కడానికి, జరగబోయేది అడగడానికి, రోగం నయం చేయించుకోవడానికి.

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతంలో నిలబడి చూస్తే ఆ మూడు పనులూ మూడు దిక్కుల్లో విడివిడిగా కనిపిస్తాయి. మార్కాపురం నుంచి యర్రగొండపాలెం, మాచర్ల మీదుగా ఉత్తరానికి పోతే కారంపూడి వీరుల గుడి. గిద్దలూరు నుంచి పోరుమామిళ్ల వైపు దక్షిణానికి దిగితే బ్రహ్మంగారి మఠం. కనిగిరి, పామూరు దాటి నెల్లూరు జిల్లాలోకి పోతే ఏ.ఎస్.పేట దర్గా, ఇంకా ముందుకు పోతే గొలగమూడి. ఈ ప్రాంతం మొదటినుంచీ ఒకే జిల్లాకు కట్టుబడి ఉన్నదీ కాదు. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడేదాకా మార్కాపురం, గిద్దలూరు కర్నూలులో ఉండేవి, కనిగిరి, పొదిలి నెల్లూరులో ఉండేవి. మొక్కుల దారులు జిల్లా గీతలను ఎప్పుడూ పట్టించుకోలేదు.

నేల మింగిన జోస్యుడు

ఆంఫియారస్ ఆర్గోస్ రాజ్యానికి చెందిన యోధుడు, జోస్యుడు. థీబ్స్ నగరం మీదికి ఏడుగురు నాయకులు దండెత్తబోతుంటే, తన బావమరిది అద్రాస్తస్ తప్ప ఎవ్వరూ ప్రాణాలతో తిరిగి రారని అతనికి ముందే తెలిసింది. వెళ్లనని మొండికేశాడు. అతనికీ అద్రాస్తస్‌కూ మాటా మాటా వస్తే ఆంఫియారస్ భార్య ఎరిఫిలే తీర్పు చెప్పాలని వాళ్ల మధ్య పాత ఒప్పందం ఒకటి ఉంది. ఆమె అద్రాస్తస్ చెల్లెలే. థీబ్స్ సింహాసనం కోసం పోరాడుతున్న పోలినైకీస్ ఆమెకు ఒక హారం ఇచ్చాడు, ఆమె ‘వెళ్లు’ అని తీర్పు చెప్పింది. చావు ఖాయమని తెలిసే రథమెక్కాడు. ఎక్కేముందు కొడుకులకు పగ అప్పజెప్పాడు. తర్వాతి రోజుల్లో వాళ్లలో ఒకడైన ఆల్క్‌మియోన్ కన్నతల్లినే చంపాడు.

యుద్ధం ఓటమితో ముగిసింది. వెనక నుంచి శత్రువు ఈటెతో తరుముతుంటే, వీపున పోటు పడకుండా జ్యూస్ పిడుగు వేసి నేలను చీల్చాడు. రథం, గుర్రాలు, సారథి బాటోన్‌తో సహా ఆంఫియారస్ భూమిలోకి దిగిపోయాడు. సీతను భూదేవి తీసుకుపోయిన కథ విన్నవాళ్లకు ఇది వింతేమీ కాదు. సీత మళ్లీ పలకలేదు, ఆంఫియారస్ కింద నుంచి పలకడం మొదలుపెట్టాడు. శవం లేదు, చితి లేదు. బతికుండగానే దిగినవాడు బతికే ఉంటాడని నమ్మకం. వినాలంటే నేలకు చెవి ఆనించి పడుకోవాలి. గుడి పద్ధతి మొత్తానికి మూలం ఈ ఊహే అనిపిస్తుంది.

అతని వాక్కుకు పేరు ఓరోపోస్ గుడికి ముందే వచ్చింది. క్రీ.పూ. 6వ శతాబ్దిలో లిడియా రాజు క్రీసస్ పేరున్న జోస్య పీఠాలకు ఒకేసారి పరీక్ష పెట్టాడు. దూతలు బయలుదేరిన నూరో రోజున తాను ఏం చేస్తున్నాడో చెప్పమన్నాడు. ఆ రోజు అతను తాబేలునూ గొర్రెపిల్లనూ కలిపి కంచు పాత్రలో వండాడట. డెల్ఫీ పీఠం సరిగా చెప్పింది. ఆంఫియారస్ కూడా నెగ్గాడని రాసిన గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్, అక్కడ ఏం జవాబు వచ్చిందో మాత్రం తనకు తెలియదని నిజాయితీగా ఒప్పుకున్నాడు. క్రీసస్ ఆంఫియారస్‌కు బంగారు డాలు, బంగారు ఈటె పంపాడు. వాటిని హెరొడోటస్ థీబ్స్‌లోని అపోలో గుడిలో కళ్లారా చూశాడు. ఇంత పరీక్ష చేసి కూడా ఆ రాజు డెల్ఫీ మాటను తప్పుగా అర్థం చేసుకుని పర్షియా మీదికి వెళ్లి రాజ్యం పోగొట్టుకున్నాడు.

థీబ్స్ వాళ్ల కథ ఇంకా బాగుంటుంది. ఆంఫియారస్ వాళ్లను ఒకటి కోరుకోమన్నాడట: నన్ను జోస్యుడిగా ఉంచుకుంటారా, యుద్ధంలో తోడుగా ఉంచుకుంటారా? వాళ్లు తోడునే కోరుకున్నారు. అందుకని థీబ్స్ మనిషి ఎవరూ అతని గుడిలో నిద్ర చేయకూడదు. క్రీ.పూ. 480-479 చలికాలంలో పర్షియా సేనాని మార్డోనియస్ మనిషి మీస్ వచ్చినప్పుడు, పరాయి ఊరివాడికి డబ్బిచ్చి గుడిలో పడుకోబెట్టాల్సి వచ్చింది. కూలికి కల కనడం అంటే ఇదే.

ఓరోపోస్‌లో ఒక రాత్రి

ఓరోపోస్ ఏథెన్సుకూ బియోషియాకూ మధ్య సరిహద్దు ఊరు, చాలాసార్లు చేతులు మారింది. ఊరికి దూరంగా చెట్లు కమ్మిన వాగు లోయలో క్రీ.పూ. 5వ శతాబ్ది చివర గుడి వెలిసింది. క్రీ.పూ. 414లో అరిస్టోఫనీస్ ‘ఆంఫియారస్’ అనే హాస్య నాటకం ఆడించాడు. ఆ నాటకం ఇప్పుడు దొరకదు గాని, అప్పటికే ఏథెన్సు జనం నోట ఈ గుడి పేరు నానుతోందనడానికి అదే గుర్తు.

క్రీ.పూ. 4వ శతాబ్ది నాటి శాసనం ఒకటి గుడి నియమాలు చెబుతుంది. చదివితే దేవాదాయ శాఖ ఉత్తర్వు చదివినట్టే ఉంటుంది. చలికాలం పోయినప్పటి నుంచి దుక్కుల కాలం దాకా పూజారి గుడికి వస్తూ ఉండాలి, వరసగా మూడు రోజులకు మించి మానకూడదు, నెలకు కనీసం పది రోజులు ఉండాలి. నిద్రకు వచ్చినవాళ్లు తొమ్మిది ఓబోల్ నాణేలు గుడి పరిచారకుడు చూస్తుండగా హుండీలో వేయాలి. ఏథెన్సు న్యాయస్థానంలో కూర్చునే పౌరుడికి ఆ కాలంలో రోజుకు మూడు ఓబోల్‌లు ఇచ్చేవారు. అంటే రుసుము మూడు రోజుల భత్యం, బీదవాడికి తేలికేమీ కాదు. డబ్బు కట్టినవాడి పేరు, ఊరు రాసి, చూడాలనుకునేవాళ్లకు కనపడేట్టు పలక మీద పెట్టాలి. (మార్కాపురం వాళ్లకు ఈ నియమం చదవగానే తమ ఊరి పలకల గనులు గుర్తొస్తే తప్పేం లేదు.) బలి ఇచ్చిన జీవంలో భుజం ముక్క పూజారిది. మిగిలిన మాంసం గుడి హద్దు దాటి పోకూడదు, అక్కడే వండుకుని తినాలి. పడక మందిరంలో మగవాళ్లు బలిపీఠానికి తూర్పున, ఆడవాళ్లు పడమర.

ఆ పడక మందిరాన్ని ‘కొయిమెటేరియన్’, పడుకునే చోటు, అనేవారు. తర్వాత క్రైస్తవులు చనిపోయినవాళ్లను పూడ్చే చోటుకు ఇదే మాట వాడారు. ఇంగ్లీషు ‘సెమెటరీ’ దాని నుంచి వచ్చిందే.

క్రీ.శ. 2వ శతాబ్దిలో గ్రీకు యాత్రికుడు పౌసానియస్ ఇక్కడికి వచ్చి చూసింది రాశాడు. వచ్చినవాడు ముందు శుద్ధి చేసుకుంటాడు, పొట్టేలును బలి ఇస్తాడు, ఆ తోలునే పరుచుకుని దాని మీద పడుకుని కల కోసం ఎదురుచూస్తాడు. గ్రీకు రచయిత ఫిలోస్ట్రాటస్ మాట ప్రకారం దానికి ముందు మూడు రోజులు ద్రాక్షసారా ముట్టకూడదు, ఒక రోజు అన్నం తినకూడదు. కడుపు ఖాళీగా, బుర్ర తేరుకుని ఉంటేనే కల కల్తీ లేకుండా వస్తుందని వాళ్ల లెక్క. గుడి పక్కన ఊట ఉండేది. ఆంఫియారస్ దేవుడై పైకి వచ్చింది అందులోంచేనని నమ్మకం కాబట్టి దాంతో చేతులు కడుక్కోరు, బలికీ వాడరు. జబ్బు తగ్గినవాళ్లు మాత్రం అందులో వెండి, బంగారు నాణేలు వేసేవారు. గోదావరి వంతెన మీద రైలు కిటికీలోంచి రూపాయి విసిరే చేతికి ఇది కొత్తగా తోచదు.

నిద్రలో ఏం జరిగేదో చూపించే పలకరాయి ఒకటి ఏథెన్సు జాతీయ పురావస్తు మ్యూజియంలో ఉంది. ఆర్కీనోస్ అనే మనిషి క్రీ.పూ. 4వ శతాబ్ది మొదటి సగంలో మొక్కు తీర్చుకుంటూ పెట్టించినది. ఒకే రాతిలో ఒకే మనిషి మూడుసార్లు కనిపిస్తాడు. ముందు భాగంలో గడ్డం వీరుడు నిలబడి, ఆ కుర్రాడి కుడి భుజానికి చికిత్స చేస్తున్నాడు. వెనక మంచం మీద కుర్రాడు పడుకుని ఉన్నాడు, పాము వచ్చి అదే భుజానికి నోరు ఆనించింది. కుడి చివర మనిషి లేచి నిలబడి చేయెత్తి మొక్కుతున్నాడు. పైన చట్రంలో రెండు కళ్లు చెక్కి ఉన్నాయి. కలలో వైద్యుడు, నిజంలో పాము, తెల్లారాక మొక్కు: శిల్పి వీటిని వరసగా పేర్చలేదు, ఒకదాని వెనక ఒకటి దాచాడు. కలను రాతిలో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉపాయం కష్టం.

క్రీ.పూ. 4వ శతాబ్దిలో దాదాపు 110 మీటర్ల పొడవున, గోడ వెంబడి రాతి అరుగుతో పెద్ద మండపం కట్టారు. దగ్గర్లో స్నానాల గదులు, చిన్న రంగస్థలం, నీటి గడియారం, ఉత్సవాల పోటీలు. ఒక మాదిరి ఊరే. గ్రీసు పురావస్తు సంఘం 1884 నుంచి చేసిన తవ్వకాల్లో ఇవన్నీ బయటపడ్డాయి.

కల మాటకు కోర్టులోనూ విలువ ఉండేది. ఓరోపోస్ ఏథెన్సు చేతికి వచ్చాక దాని చుట్టూ కొండలను తెగలకు పంచారు. వాటిలో ఒకటి దేవుడి మాన్యమేమోనని అనుమానం వచ్చింది. ఏథెన్సు పౌరుడు యూక్సెనిప్పస్‌ను, మరో ఇద్దరిని గుడిలో పడుకుని దేవుణ్ణి అడిగి రమ్మన్నారు. అతను చెప్పిన కల కొందరికి నచ్చలేదు. కేసు పెట్టారు. అతని తరఫున వక్త హైపరైడీస్ వాదించిన ప్రసంగం ఈజిప్టు పాపిరస్ మీద దొరికింది. భూమి తగాదా అక్కడితో ఆగలేదు. రోమన్ సేనాని సుల్లా ఈ గుడికి భూముల పన్ను విడిచిపెట్టాడు. పన్ను గుత్తేదార్లు అడ్డం తిరిగి, ఆంఫియారస్ ఒకప్పుడు మనిషే కాబట్టి దేవుడి మాన్యం మినహాయింపు అతనికి చెల్లదన్నారు. క్రీ.పూ. 73లో రోము పెద్దలు గుడి పక్షానే తీర్పు చెప్పారు. విచారణలో కూర్చున్నవాళ్లలో సిసెరో ఉన్నాడు. ఈ వాదన అతనికి బాగా గుర్తుండిపోయింది కాబోలు, దేవతల గురించి రాసిన పుస్తకంలో మళ్లీ ఎత్తాడు.

వీటన్నిటికంటే చిన్నది, మనసుకు తగిలేది మరో శాసనం. క్రీ.పూ. 3వ శతాబ్ది మొదటి భాగంలో మోస్కోస్ అనే యూదు బానిసకు విడుదల దొరికింది. కలలో ఆంఫియారస్ ఆజ్ఞ అయిందని, అందుకే రాయి చెక్కించి నిలబెట్టానని అతను చెప్పుకున్నాడు. గ్రీసు నేల మీద యూదుడి పేరు కనిపించే తొలి ఆధారాల్లో ఇదొకటి. పరాయి మతం మనిషి, పరాయి వీరుడి గుడిలో నిద్ర చేశాడు. గుడి అతని మతం అడిగినట్టు లేదు.

కారంపూడి: ఆయుధాలే మూర్తులు

వీరుడే దేవుడైన గుడి కోసం మార్కాపురం నుంచి ఎక్కువ దూరం పోనక్కర్లేదు. నాగులేరు ఒడ్డున కారంపూడి, ఇప్పటి పల్నాడు జిల్లా. 12వ శతాబ్ది చివర నలగాముడికీ మలిదేవుడికీ మధ్య, అంటే నాగమ్మకూ బ్రహ్మనాయుడికీ మధ్య, జరిగిన పల్నాటి యుద్ధంలో ఒరిగిన 66 మంది వీరనాయకులకు ఇక్కడ గుడి ఉంది. శ్రీనాథుడి పేరున ఉన్న ద్విపద కావ్యం సరే. కథను బతికించింది మాత్రం దాన్ని పాడే వీర విద్యావంతులు. వాళ్లలో అలిసెట్టి గాలెయ్య పాడిన కథను ఆధారం చేసుకుని జీన్ రోఘేర్ అనే అమెరికన్ పండితుడు రాసిన పుస్తకం 1982లో ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చింది.

ఏటా కార్తీక అమావాస్యకు మొదలై అయిదు రోజులు జరిగే తిరునాళ్లలో ఒక్కో రోజుకు కథలోని ఒక్కో ఘట్టం పేరు: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. ఊళ్ల నుంచి వీరాచారవంతులు తమ ఇంటి వీరుడి ఆయుధాన్ని, వాళ్ల మాటలో కొణతాన్ని, మోసుకొస్తారు. గంగధారి మడుగులో దానికి స్నానం చేయిస్తారు, పసుపు కుంకుమ పెడతారు. విగ్రహం కన్నా ఆ ఇనుముకే ఇక్కడ గౌరవం ఎక్కువ. మందపోరు రోజున బ్రహ్మనాయుడి చాపకూడును గుర్తు చేసుకుంటూ కులం చూడకుండా ఒకే చాప మీద కూర్చుని తింటారు. ఆ నాయకుడు కొడుకుగా చేసుకున్న కన్నమదాసు మాల కులస్థుడు. కల్లిపాడు నాడు ఆయుధాలు పట్టినవాళ్లు పూనకంతో ఊగి, వీరులు ఒరిగిన తీరును చూపిస్తారు.

ఆంఫియారస్‌కు మనలో దగ్గరివాడు బ్రహ్మనాయుడే. యుద్ధం ముగిశాక అతను చావలేదని, పిడుగురాళ్ల వైపున్న గుత్తికొండ బిలంలోకి తపస్సుకు వెళ్లాడని జనం నమ్మకం. తొలి ఏకాదశికి ఆ గుహకు వేలమంది వెళతారు. గుహలో స్నానం చేసి, దీపం పెట్టి వస్తారు. అక్కడ పడుకుని కల అడిగే వ్యవస్థ మాత్రం పెరగలేదు. ఎందుకంటే పల్నాటి వీరుల పని రోగాలు చూడటం కాదు, పగ, మాట, పౌరుషం గుర్తు చేయడం. థీబ్స్ వాళ్లలాగే పల్నాడు కూడా ‘తోడు’నే కోరుకుందని చెప్పొచ్చు.

నల్లమల అంచున వీరగల్లులు, శ్రీశైలంలో ఆత్మార్పణ చేసుకున్న శివభక్తుల కోసం 14వ శతాబ్దిలో రెడ్డిరాజు అనవేముడు కట్టించిన వీరశిరోమండపం, నెల్లూరు సిద్ధిరాజుతో పుల్లరి తగాదాలో యుద్ధం చేసిన యాదవ వీరుడు కాటమరాజు కథలు, అన్నీ ఈ కుదురులోవే.

అడిగితే పలికేది, అడక్కుండానే రాసిపెట్టింది

జోస్యం వైపు తెలుగు దారి వేరు. అడిగినప్పుడు పలికే పద్ధతి పూనకంలోనూ ఎరుకల సోదిలోనూ నిలిచింది. సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి బోనాల మర్నాడు పచ్చికుండ మీద నిలబడి ఒక స్త్రీ చెప్పే రంగం దానికి నగర రూపం. అడక్కుండానే ముందుగా చెప్పేసిన వాక్కు కాలజ్ఞానం. 17వ శతాబ్ది పోతులూరి వీరబ్రహ్మం బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మ పశువులు కాస్తూ రవ్వలకొండ గుహలో అది రాశాడని, కందిమల్లయ్యపల్లెలో వైశాఖ శుద్ధ దశమి నాడు బతికుండగానే సమాధిలోకి దిగాడని సంప్రదాయం. ఆ ఊరే నేటి బ్రహ్మంగారి మఠం. తన సమాధి సమయానికి దూదేకుల శిష్యుడు సిద్ధయ్య దగ్గర లేకుండా పూలకని బనగానపల్లె పంపాడన్న ఘట్టం నాటకాల్లో ప్రేక్షకులను ఇప్పటికీ ఏడిపిస్తుంది.

ఆంఫియారస్, బ్రహ్మం ఇద్దరూ బతికే నేలలోకి దిగినవాళ్లు, ఇద్దరివీ వాక్కులే. తేడా ఒక్కటే. గ్రీకు వీరుడు ఒక్కొక్కరికీ వేరే కల పంపాలి. బ్రహ్మం అందరికీ కలిపి ఒకేసారి చెప్పాడు. అందువల్ల కాలజ్ఞానాన్ని జరిగాకే వెతుక్కుంటారు. 2020లో కరోనా వచ్చినప్పుడు వాట్సాప్‌లో తిరిగిన ‘ఆనాడే చెప్పారు’ సందేశాలు అందుకు తాజా ఉదాహరణ.

శనివారం రాత్రి

రోగానికి నిద్ర చేసే చోట్లు ఎక్కువగా సాధువుల సమాధులు, దర్గాలు. నెల్లూరు జిల్లా వెంకటాచలం దగ్గర గొలగమూడిలో వెంకయ్యస్వామి 1982 ఆగస్టు 24న సమాధి అయ్యాడు. ఆయన బతికుండగా రోగులకు కాగితం మీద వేలిముద్రలు వేసి ఇచ్చేవాడు, దారం కట్టేవాడు. ఆయన తర్వాత నిద్ర మిగిలింది. శనివారం సాయంత్రానికి బస్సులు నిండుతాయి. రాత్రికి ఆవరణంతా చాపలు, దుప్పట్లు, తల కింద సంచులు. ఏ.ఎస్.పేటలో 18వ శతాబ్ది సూఫీ ఖాజా రహమతుల్లా దర్గాకు మనసు చెదిరినవాళ్లను ఎక్కువగా తీసుకొస్తారు. వారాల తరబడి ఉండేవాళ్లూ ఉంటారు. కలలో బాబా వచ్చి చేయి వేశాడని, కోసి కుట్టాడని చెప్పుకునేవాళ్ల మాటలు వింటే ఆర్కీనోస్ భుజం గుర్తుకు రాక మానదు. హిందువులూ ముస్లిములూ పక్కపక్కనే పడుకుంటారు.

ఈ ఆచారానికి చీకటి వైపూ ఉంది. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడి దర్గా దగ్గర ఒక ప్రైవేటు ఆశ్రయంలో మంటలు లేస్తే, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది మానసిక రోగులు పారిపోలేక చనిపోయారు. సుప్రీంకోర్టు తనంత తాను కేసు తీసుకుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగిని గొలుసులతో కట్టడాన్ని పూర్తిగా నిషేధించింది. ఓరోపోస్ శాసనంలో రుసుముకు, మాంసానికి, పూజారి సెలవులకు నియమాలున్నాయి గాని, తనంతట తాను రాలేని రోగి గురించి ఒక్క మాట లేదు. అక్కడికి వచ్చినవాళ్లు తమ కాళ్ల మీద వచ్చి, తమ డబ్బు తాము కట్టి, తమ కల తాము కన్నవాళ్లనే ఆ నియమాల ఊహ.

గొలగమూడిలో తెల్లవారుజామున దీపాలు వెలగకముందే కొళాయిల దగ్గర వరస కడతారు. చాపలు చుడతారు. సంచిలో స్వామి పటం పక్కనే ఒంగోలు ఆసుపత్రి చీటీ, మందుల పొట్లం. పక్కన పడుకున్నవాళ్లను ఒకటే ప్రశ్న అడుగుతారు: ‘ఏమన్నా కల వచ్చిందా?’ రాలేదన్నవాళ్లు వచ్చే శనివారం బస్సు ఎన్నింటికో కనుక్కుంటారు.